మరమనిషి విద్యకు మన బిడ్డల దారి: పాలిటెక్నిక్కునుండి విశ్వవిద్యాలయమునకు

(జహీరాబాదునందు జరిగిన విశ్వకర్మ కులస్థుల వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



ఈ సభయందు విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యనిర్వాహకులు మమ్ము ఆజ్ఞాపించిరి. విద్య గొప్పదని చెప్పుటకు మేమిచ్చటికి రాలేదు. ఆ సంగతి తెలియనివారీ పందిటిలో లేరు. పదవతరగతి ముగిసిన పిల్లవానిని ఏ చదువున చేర్పవలెను, అచ్చటినుండి వాడెంతదూరము పోగలడు, ఏ తలుపు వాని వెనుక మూసికొనును, అను కొద్ది సంగతులను మాత్రమే విన్నవింపదలచితిమి. ఇవి చిన్న సంగతులే. కాని వీనిని తెలియక చెడినవారు మన యిండ్లలో నున్నారు. మా యింటను ఒకడున్నాడు. వాని కథ ముందు చెప్పెదము.

ఈ జహీరాబాదు మన కులమునకొక పాఠమును కన్నులయెదుటనే చెప్పుచున్నది. మన తాతలనాడీ ప్రాంతమున చెఱకు, అల్లము, జొన్న పండించు రైతు వాకిట మన వడ్రంగి చెక్కిన నాగలియు, మన కమ్మరి కాచి సాగగొట్టిన కఱ్ఱును ఉండెడివి. పంట వచ్చిననాడు ఆయమనుచు కల్లమునుండి గింజలు మన యింటికి వచ్చెడివి. 1980 తరువాతి దశాబ్దమున ఇచ్చట ఆల్విన్ నిస్సాన్ వారి చిన్న లారీల కర్మాగారము వెలసెను. పిమ్మట అది మహీంద్రావారి చేతికి వచ్చెను. నేడిచ్చట వారి ట్రాక్టరు కర్మాగారమును నడచుచున్నది. ట్రాక్టరు దిగిన పొలమునుండి నాగలి వెడలిపోయెను. నాగలితో ఆయమును పోయెను. ఆ ట్రాక్టరును తప్పుపట్టుట మా అభిప్రాయము కాదు. నాగలి పోయినప్పుడు ట్రాక్టరు చేయు చోట మనవారు ఎందఱు, ఏ పనిలో చేరిరి అని మాత్రమే అడుగుచున్నాము. తలుపుకడ కావలి, సరకుల మోత, కొంద ఱు వెల్డింగు. నక్షా గీయు గదిలోనికి పోయినవారెందఱో ఈ పందిటిలోనే చేతులెత్తుడన్న తెలియును. ఎత్తించి మిమ్ము కష్టపెట్టము.

ఇప్పుడు మఱియొక మార్పు వచ్చుచున్నది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము దేశమందు ఆమోదించిన పండ్రెండు పారిశ్రామిక నగరములలో మన జహీరాబాదొకటి. 3,245 ఎకరములు, 2,361 కోట్ల రూపాయలు అని దాని లెక్క. న్యాల్కలు, ఝరాసంగము మండలములలో భూములిచ్చిన రైతుల కష్టము వేఱొక సభలో చెప్పవలసినది. దానిని మేము మఱచినవారము కాము. అచ్చట రాబోవు కర్మాగారములలో సుత్తె పట్టువాడు తక్కువగను, సుత్తె పట్టు యంత్రము ఎక్కువగను ఉండునని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును. ఆ యంత్రమునే లోకము రోబో యనుచున్నది. మనము మరమనిషి యందము.

ఈ పేరు పుట్టిన విధము మీకు చెప్పక తప్పదు. చెకోస్లొవేకియా దేశమున కారెల్ చాపెక్ అను రచయిత 1920లో ఒక నాటకము వ్రాసెను. అందులో మనుష్యునికి బదులు పనిచేయు కృత్రిమ ప్రాణులు కలవు. వానికేమి పేరు పెట్టుదునని అన్నయగు యోసెఫును అడుగగా ఆయన రోబో అను మాట సూచించెనట. వారి భాషలో రోబోట అనగా దొర భూమిలో కూలి లేక చేయు పని. అనగా వెట్టి! కమ్మరియు వడ్రంగియు దొరగడీలలో చేసిన వెట్టి మన పెద్దల వీపులకు తెలియును. 1930లో మన జోగిపేటలోనే సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. వెట్టిని మాన్పవలెనని ఆ మహాసభలవారు ఏండ్లతరబడి పోరాడిరి. నేడు వెట్టి యంత్రమునకు దక్కినది. ఆ యంత్రమును చేయువాడెవడు, దానికి పని నేర్పువాడెవడు అన్నదే మన ముందున్న ప్రశ్న.

మరమనిషి యనగా కాళ్లు చేతులున్న బొమ్మ యని తలంపవలదు. 1961లో అమెరికాలోని జనరల్ మోటార్సువారి కర్మాగారమున మొదట పనికి దిగినది ఒంటిచేయి మాత్రమే. నేటికిని కర్మాగారములలో మిక్కిలిగా నున్నవి ఒంటిచేతులే. భుజము, మోచేయి, మణికట్టు కలిసి సామాన్యముగా ఆఱు కీళ్లు. కీలుకొక మోటారు, ఆ మోటారు ఎంత తిరిగెనో చెప్పు కొలతసాధన మొకటి, చేతికొనను పట్టకారో, వెల్డింగు సాధనమో, రంగు చిమ్ము గొట్టమో. చేతికొన ఫలాని చోటికి చేరవలెనన్న ఏ కీలు ఎన్ని డిగ్రీలు తిరుగవలెనో లెక్క కట్టవలెను. దానికి త్రికోణమితి, మాత్రికలు కావలెను. చేయి వడిగా పోయి కొసకు వచ్చునప్పుడు అదరక నిలువవలెనన్న కలనగణితము కావలెను. కాబట్టి ఇది ఒక్క విద్య కాదు. ఇనుమునెఱిగినవాడు, విద్యుత్తునెఱిగినవాడు, కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయువాడు, గణితము చేయువాడు, ఈ నలువురును కలిసిన విద్య. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, స్వర్ణకారుడు అను అయిదు పనులను ఒక్క కులముగా కట్టుకొన్న మనకు ఇది వింతగా తోపరాదు. మన వాకిట ఆ అయిదుగురును ఒకరి పనిముట్టును మఱియొకరు చేసియిచ్చినవారే.

ఇక దారి మాట.

అమెరికాకు పోయిన మన బంధువుల పిల్లలు అచ్చట ఒక పద్ధతిని చూచుచున్నారు. కమ్యూనిటీ కాలేజీలని అచ్చట కలవు; వానిలో మొదటి ప్రభుత్వ కళాశాల 1901లో జోలియెట్ అను నూర వెలసినది. ఊరిలోనే యుండి, తక్కువ ఖర్చుతో రెండేండ్లు చదివి, పిమ్మట విశ్వవిద్యాలయమున మూడవయేట చేరుటకు వీలున్నది. అయితే అందొక మెలిక కలదు. ఇచ్చట చదివిన ఏ పాఠమును అచ్చట ఏ పాఠమునకు సరిగా లెక్కింతురో ఆ రెండు సంస్థలును ముందే ఒడంబడిక వ్రాసికొనియుండును. తెలివిగల విద్యార్థి మొదటిదినముననే తాను చేరదలచిన పై కళాశాల పట్టికను ముందు పెట్టుకొని, అక్కడినుండి వెనుకకు లెక్కించి, ఇచ్చటి పాఠముల నేర్చుకొనును. లెక్కింపని వాడు రెండేండ్లు చదివియు, కలనగణితము చాలలేదని, భౌతికశాస్త్రము తక్కువ రకమైనదని మఱల మొదటికి వచ్చును. మరమనిషి విద్యకే ప్రత్యేకముగా పట్టమిచ్చుట ఆ దేశమున 2007లో వూస్టర్ పాలిటెక్నిక్ వారు మొదలిడిరి. అట్టిచోట చేరగోరువాడు యంత్రము, విద్యుత్తు, కంప్యూటరు మూడింటికిని పునాది ముందే వేసికొని పోవలెను.

మన తెలంగాణమున పాఠమునకు పాఠము మార్చుకొను ఒడంబడిక లేదు. దానికి బదులు రెండు పరీక్షలు కలవు. పదవతరగతి పిదప పాలిసెట్. దానివలన మూడేండ్ల డిప్లొమా. డిప్లొమా పిదప ఈసెట్, దానివలన బీ.టెక్. రెండవ సంవత్సరమున నేరుగా ప్రవేశము. లెక్క చూడుడు. ఇంటరు రెండు, బీ.టెక్. నాలుగు, కలిసి ఆఱు. డిప్లొమా మూడు, బీ.టెక్. మూడు, కలిసి ఆఱు. కాలమున నష్టమేమియు లేదు. పైగా డిప్లొమా ముగిసిననాడు ఇంట కష్టము వచ్చినచో పిల్లవాడు పనిలో చేరగలడు. ఇంటరు ముగించినవానికి ఆ ఊత లేదు. ఈ సంగతి గ్రామములలో మనవారికి చెప్పినను నమ్మరు. ఇంటరు పెద్ద చదువనియు, పాలిటెక్నిక్కు చదువురాని వానికనియు ఒక భ్రమ కలదు. పట్నపు ఇంటరు కళాశాలకు అప్పు చేసి లక్షలు కట్టిన తండ్రులను మేమెఱుగుదుము.

ఐ.టి.ఐ.లో చేరిన బిడ్డకును దారి మూసికొనలేదు. రెండేండ్ల ఐ.టి.ఐ. పిదప ఎల్పీసెట్ అను పరీక్షవలన డిప్లొమా రెండవయేట చేరవచ్చును, అచ్చటినుండి ఈసెట్. మొత్తము ఏడేండ్లు. ఒక యేడు ఎక్కువైనను చేతిపనిలో వానికి సాటివచ్చువారుండరు. ప్రభుత్వమువారు 65 ఐ.టి.ఐ.లను టాటా టెక్నాలజీస్ వారితో కలిసి నవీన సాంకేతిక కేంద్రములుగా మార్చుటకు 2024లో పని మొదలిడిరి. వానిలో మరచేతుల పనియు నేర్పుదురు. మన సంఘమువారు అవి చూచివచ్చుట మేలు.

ఇప్పుడు మా యింటి కథ. మా అన్నగారి కుమారుడు చిన్ననాటినుండి మోటారులు విప్పి కట్టువాడు. తొమ్మిదవ తరగతిలో నేలమీది నల్లగీతను పట్టుకొని తానే నడచు చిన్నబండిని చేసెను. పాలిసెట్‌లో మంచి ర్యాంకు వచ్చినది. ఏ శాఖ తీసికొందునని మమ్మడిగెను. ఇండ్లు కట్టుట ఎన్నటికిని ఆగదు, సివిలు తీసికొమ్మని సలహా చెప్పినది మేమే. ఇంజనీరింగులో చేరునప్పుడు మార్చుకొనవచ్చునని కూడ అంటిమి. ఎవరిని అడిగి అంటిమి? ఎవరిని అడుగలేదు. మూడేండ్లు శ్రద్ధగా చదివెను. ఈసెట్‌లో చక్కని ర్యాంకు తెచ్చుకొనెను. సీట్లు పంచునాడు కంప్యూటరు ముందు కూర్చుండి చూడగా వానికి తెఱచియున్నది సివిలు, దానికి దగ్గఱి శాఖలు మాత్రమే. మెకానికలు లేదు, ఎలక్ట్రానిక్సు లేదు, రోబోటిక్సు మాట యడుగనే వలదు. వాడు మమ్మేమియు అనలేదు. బాబాయీ, పదునైదేండ్లవానిని అడిగితిరిగదా, పుస్తకమును కూడ అడిగియుండవలసినది అని మాత్రమనెను. నేడు వాడు కర్మాగారములకు షెడ్లు కట్టించుచున్నాడు. పని మంచిదే, జీతము మంచిదే. షెడ్డు కట్టి తాళము అప్పగించిన తరువాత లోపలికి మరచేతులు వచ్చును. అప్పుడు వాడు వేఱొక షెడ్డునకు పోవును.

ఇందుచేత మేము నేర్చినది ఒక్కటి. ఈసెట్ పరీక్ష శాఖలవారీగా జరుగును. డిప్లొమాలో ఏ శాఖ చదివెనో ఆ ప్రశ్నపత్రమునే వ్రాయవలెను. ఆ పత్రమునకు తగిన బీ.టెక్. శాఖలలోనే చోటు దొరకును. ఏ డిప్లొమాకు ఏయే శాఖలు తగునో ప్రతి సంవత్సరము ఈసెట్ వారు ప్రకటించు సమాచార పుస్తకమున పట్టికగా నుండును. ఆ పట్టికను ఈసెట్ నాడు చూచిన ప్రయోజనములేదు. పాలిసెట్ నాడు చూడవలెను. అనగా పదునైదేండ్ల ప్రాయమున శాఖ నెంచుకొన్ననాడే ఇంజనీరింగు శాఖయు సగము నిశ్చయమైపోయినది.

మరి మరమనిషి విద్య గోరువాడు ఏది తీసికొనవలెను? మా మతమున మొదటిది మెకానికలు, రెండవది ఎలక్ట్రానిక్సు లేక ఎలక్ట్రికలు. కంప్యూటరు శాఖకు జనమంతయు పరుగెత్తుచున్నారు; అది చెడ్డదని మేమనము, కాని చేయి యంత్రముపై పడనివానికి మరచేతి పని చాల ఆలస్యముగా పట్టుబడును. కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయుట ఇంటియొద్ద కూర్చుండియైనను నేర్వవచ్చును. లేతుయంత్రమును, మిల్లింగు యంత్రమును ఇంట పెట్టుకొనలేము. రోబోటిక్సు అను పేరుతోనే పట్టమిచ్చు కళాశాలలు కొన్ని వెలసినవి. పేరుచూచి మురియవలదు. ప్రయోగశాలలో మరచేయి యున్నదా, దానిని విద్యార్థి ముట్టుకొననిత్తురా అని పోయి చూచి చేర్పవలెను. మంచి మెకానికలు శాఖలో చేరి, మైనరు పట్టముగా రోబోటిక్సును చదువుట కొందఱికి అంతకంటె మేలు. అఖిలభారత సాంకేతిక విద్యామండలివారు దానికి 18 మొదలు 20 వఱకు క్రెడిట్లు అదనముగా చదువవలెనని నియమించియున్నారు.

ఈసెట్ పరీక్షకు 200 మార్కులు. గణితము 50, భౌతికశాస్త్రము 25, రసాయనశాస్త్రము 25, స్వంతశాఖ 100. తప్పు వ్రాసిన మార్కు కోసివేయరు. నూటికి ఇరువదియైదు వచ్చిన అర్హుడనుట నిజమే, కాని అర్హత వేఱు, మంచి కళాశాలలో చోటు వేఱు. ఒక్కొక్క శాఖలో మంజూరైన సంఖ్యకు నూటికి పదివంతున అదనపు సీట్లు ఈ దారివారికి నిర్ణయింపబడినవి. అనగా అఱువదిమంది తరగతికి ఆఱు. మొదటియేట నిండక మిగిలినవియు కొన్ని దొరకును. కాని మంచి కళాశాలలలో మిగులుట అరుదు.

సీటు దొరకిన తరువాతి కష్టమును ఎవరును చెప్పరు. రెండవయేట నేరుగా చేరినవానికి మొదటియేటి పాఠములు తప్పిపోవును. హైదరాబాదు జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమున సామాన్య విద్యార్థి 160 క్రెడిట్లు సంపాదింపవలసియుండగా, ఈ దారిని వచ్చినవానికి 120 చాలును. నలువది తగ్గినవని సంతసింతుము. ఆ నలువదిలోనే మాత్రికలు, అవకలన సమీకరణములు, సీ భాషలో ఆజ్ఞలు వ్రాయుట ఉన్నవి! డిప్లొమాలో గణితము ముందు భాగముననే చాలవఱకు ముగియును. చివరియేడంతయు శాఖాపాఠములు, పనిశిక్షణ. అటువంటివాడు పోయి రెండవయేటి తరగతిలో కూర్చుండగా అయ్యవారు మీకు తెలిసినదే అని మొదలిడును. వానికి తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గు. డిప్లొమాలో మొదటివాడుగా వచ్చినవాడు అచ్చట మొదటి ఆఱునెలలలోనే గణితమున తప్పుట మేము చూచితిమి. వాడు మందబుద్ధి కాడు. మధ్య మెట్టు లేదు, అంతియే.

కావున డిప్లొమా రెండవయేటినుండి వారమునకు రెండు సాయంకాలములు గణితమునకు కేటాయింపవలెను. చివరియేట పైథాను, సీ భాషలలో ఒకటి నేర్వవలెను. పనిశిక్షణకు పోవునప్పుడు సంతకముకొఱకు పోక, మరచేయి యున్న చోటు వెదకి పోవలెను. ఈసెట్ మే మాసమున ముగియును. తరగతులు మొదలగు లోపల దొరకు నెలలు పెండ్లిండ్లకు తిరుగుటకు కావు, బీ.టెక్. మొదటియేటి గణిత పుస్తకమునకు.

హైదరాబాదు బస్సులో పోవునప్పుడు కందివద్ద ఐ.ఐ.టి. భవనములు కనబడును. 2008లో స్థాపింపబడిన ఆ సంస్థలో నడపువాడు లేక నడచు బండ్లను పరీక్షించు తిహాన్ అను క్షేత్రము 2022లో తెఱవబడినది. మన బిడ్డలు కిటికీనుండి చూచి, అందులో చేరుదుమా యని అడుగుదురు. నిజము చెప్పవలెను. ఈసెట్ వలన ఐ.ఐ.టి.లో చోటు లేదు. బీ.టెక్. ముగించి, గేట్ పరీక్ష వ్రాసి, ఎం.టెక్.నకు పోవచ్చును. ఆ దారి తెఱచియున్నది, పొడవైనది.

సోదరీమణులతో ఒక్క మాట. ఆడుపిల్లకు యంత్రశాల యేల అని మనలో పెద్దలు అనుచున్నారు. మన కొలిమివద్ద తిత్తి ఊదినదెవరు? మగడు పట్టకారుతో ఇనుము పట్టగా ఎదురు నిలిచి సమ్మెట వేసినదెవరు? కడుపుతో నున్నప్పుడును సమ్మెట వేసిన తల్లులను మేము చూచితిమి. అప్పుడు అడ్డురాని ఆడుతనము చల్లని గదిలో మరచేతికి ఆజ్ఞలు వ్రాయునప్పుడు అడ్డువచ్చునా? దూరపు ఊరిలో వసతి భయమన్న అది వేఱు. అది న్యాయమైన భయము, దానికి సంఘము బాధ్యత వహింపవలెను.

డబ్బు మాటను త్వరగా ముగించెదము. మనము వెనుకబడిన తరగతులలో బి వర్గమున నున్నాము. ఆ వర్గమునకు నూటికి పది సీట్లు. కుటుంబ ఆదాయము గ్రామమున లక్షన్నర, పట్టణమున రెండు లక్షల రూపాయలు మించనివారికి ఫీజు తిరిగి చెల్లించు ఏర్పాటు కలదు. ఆ డబ్బు సకాలమున రాదని అందఱు నెఱిగినదే. కళాశాలవారు పత్రములు పట్టియుంచినప్పుడు తండ్రి ఎవరియొద్దకు పోవలెనో తెలియక తిరుగును. కులపత్రము, ఆదాయపత్రము పరీక్షకు ముందే తీసికొనియుంచిన సగము తిరుగుడు తప్పును.

కడపట సభవారికొక విన్నపము. ఏటేట మనము పదవతరగతిలో మొదట వచ్చినవారికి శాలువ కప్పి పతకమిచ్చుచున్నాము. పతకముతో పిల్లవాడు ఇంటికి పోవును; ఏ శాఖ తీసికొనవలెనో అప్పటికిని తెలియదు. ఈ సంవత్సరము శాలువల సొమ్మును రెండు పనులకు మార్చవలెనని కోరుచున్నాము. డిప్లొమా చదువు మన బిడ్డలకు ఆదివారములలో గణితము చెప్పు అయ్యవారికి జీతము. ఈసెట్ వ్రాసినవారికి ఆ తరువాతి నెలలలో సంగారెడ్డిలో రెండు గదుల వసతి, అందొకటి ఆడుపిల్లలకు. పాలిసెట్ ఫలితములు వచ్చిన మఱునాడు, ఆ సంవత్సరపు ఈసెట్ పట్టికను చేత బట్టుకొని, మా అన్నగారి కుమారుడే ఇచ్చట మన సంఘపు గదిలో కూర్చుండుటకు ఒప్పుకొన్నాడు. పిల్లలను, తల్లిదండ్రులను వెంటబెట్టుకొని రండు. ఈ మేరకు తీర్మానమును సభవారి యెదుట నుంచుచున్నాము. బలపఱచువారు లేచి నిలువగోరుచున్నాము.